కుడి చెంప

పిచ్చుక కింది పెదవి మళ్ళీ ఉబ్బింది.

కోడలు చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. భుజం మీది సంచి జారి మోచేతి దగ్గర ఆగింది. అందరూ పిచ్చుక అని పిలుచుకునే పాప అత్తగారి ఒళ్ళో ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక వచ్చే వెక్కిళ్ళు మాత్రం వస్తున్నాయి. పెదవి ఒక పక్కకి వాచి, మూతి వంకర తిరిగినట్టుంది. కుడి చెంప మీద దద్దుర్లు లేచి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎడమ చెంప మాత్రం తనకేమీ తెలియనట్టు నున్నగా ఉంది.

"ఏం పెట్టారు అత్తయ్యా?"

"ఏం పెట్టలేదు."

"ఏమీ పెట్టకుండానే ఇలా అయిందా?"

అత్తగారు తలెత్తలేదు. పాప అరచేతిని తడిగుడ్డతో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. "పొద్దున నువ్వు పిండి పెట్టి వెళ్ళిన నీ పాలే తాగించాను. ఉడికించిన బంగాళాదుంప మెత్తగా నలిపి కాస్త పెట్టాను. అంతే. నన్ను దొంగను చూసినట్టు చూడకు అమ్మాయ్."

కోడలు చూపు తిప్పుకుంది. నిజమే, దొంగను చూసినట్టే చూసింది.

పాపకు పశువుల పాలు పడవని పిల్లల డాక్టరమ్మ చెప్పిన నాటి నుంచి ఈ ఇంటి మెట్లెక్కి పాలు పైకి రాలేదు. పాలే కాదు, పెరుగు, వెన్న, పాలు కలిసిన బిస్కెట్లు, అన్నీ పోయాయి. పాపకు తన పాలే పడుతోంది కాబట్టి కోడలు తానూ మానేసింది. తల్లి తిన్న దానిలోంచి కొంత బిడ్డకు చేరుతుందని డాక్టరమ్మ చెబితే మొదట నమ్మలేదు. మానేశాక నమ్మింది. పాప దొడ్డికి వెళ్ళినప్పుడల్లా కనిపించే నెత్తుటి జీర పోయింది. విల్లులా వెనక్కి విరుచుకుని గుక్కపట్టి ఏడవడం పోయింది. మోకాళ్ళ వెనక చర్మం మానింది. ఇంట్లో అందరూ కంటినిండా నిద్రపోవడం మొదలుపెట్టారు.

సెలవు అయిపోయి, కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో మళ్ళీ పనికి చేరాక ఈ కొత్త పీడ మొదలైంది. పెదవి వాపు, చెంప మీద దద్దుర్లు. వస్తాయి, కాసేపటికి పోతాయి. మళ్ళీ ఇంకో రోజు వస్తాయి. రెండుసార్లు చూసిన డాక్టరమ్మ, ఇది పాలు నేరుగా తగిలినట్టే ఉందని, ఇంట్లో అందర్నీ గట్టిగా అడగమని చెప్పి పంపింది.

గట్టిగా అడగడం ఇవాళ్టికి కుదిరింది.

కింద కార్ఖానాలోంచి భర్త పైకి వచ్చాడు. జుట్టునిండా చెక్కపొట్టు. అతనికి ఇంట్లో గొడవ జరిగితే దాహం వేస్తుంది. నేరుగా నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి, ఒక గ్లాసు తాగి, ఇంకో గ్లాసు ముంచుకుని, అది చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతన్ని కట్టుకున్న నాటి నుంచి కోడలు ఈ గ్లాసును చూస్తూనే ఉంది.

"అడగండి మీ అమ్మని," అంది కోడలు.

"ఏం అడగను?"

"నన్నే అడగరా," అంది అత్తగారు. "పాలు మానేశాం కదా? అందరం మానేశాం. మీ నాన్న కూడా మానేశారు. మరి ఇదేంటి? పాలు కాదు ఇది. పాలు కాదని మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను."

"మరేంటత్తయ్యా?"

అత్తగారు పాప తల మీద చెయ్యి వేసింది. "నీ పాలే."

ఆ మాట గదిలో పడి అక్కడే ఉండిపోయింది.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ముగ్గురికీ తెలుసు. ముందుగదిలో దూలానికి రెండు ఇనుప కొక్కేలు ఉన్నాయి. ఒకప్పుడు ఉయ్యాల వేలాడిన కొక్కేలు. వాటి కింద ఏమీ లేదు, ఖాళీ నేల. కానీ అత్తగారు ఆ నేల మీద అడుగు వేయదు. వంటింట్లోంచి వసారాలోకి వెళ్ళాలంటే, అక్కడ ఇంకా ఉయ్యాల ఊగుతున్నట్టు, దానికి తగలకుండా పక్కకు ఒరిగి వెళుతుంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కోడలు అది నడుంనొప్పి అనుకుంది. కొన్నాళ్ళకు తన భర్త కూడా అలాగే ఒరిగి నడవడం గమనించింది. ఇంకొన్నాళ్ళకు తానూ అలాగే నడుస్తున్నానని తెలుసుకుని ఒళ్ళు జలదరించింది.

భర్తకు ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. ఇంట్లో దాన్ని 'పెద్దది' అంటారు. ఆ మాట కూడా ఎప్పుడో గానీ అనరు. ఏడాది నిండకుండానే పోయింది. దానికీ ఇలాగే దద్దుర్లు, ఇలాగే నెత్తుటి జీర. తల్లి పాలు విరిగిపోయాయని, విషమయ్యాయని ఎవరో పెద్దావిడ తేల్చేసింది. తల్లి పాలు మాన్పించి సీసాతో ఆవుపాలు పట్టారు. పిల్ల ఇంకా చిక్కితే పాలు ఇంకాస్త చిక్కగా కాచి పట్టారు. తర్వాత ఉయ్యాల విప్పేశారు. కొక్కేలు విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఈ కథంతా అత్తగారు ఇవాళ మళ్ళీ చెప్పింది. కోడలికి కాదు, పాపకు చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో పాపను పెద్దదాని ముద్దుపేరుతో పిలిచింది. తాను అలా పిలిచినట్టు ఆవిడకు తెలియలేదు. కొడుకు చేతిలో గ్లాసు తొణికింది.

"నా పాలు మాన్పించి డబ్బాపాలు పట్టమంటారు. అంతేగా?"

"మేకపాలైనా సరే. బాగా కాస్తే ఏమీ కాదు."

డాక్టరమ్మ మేకపాలు కూడా వద్దనే చెప్పిందని, అరక్కపోవడం వేరు, ఒంటికి పడకపోవడం వేరని, ఇది రెండోదని, కాచినంత మాత్రాన పోదని కోడలు ఎన్నోసారో చెప్పింది. చెబుతూ ఉండగానే ఓపిక తెగిపోయింది. ఇన్నాళ్ళూ గొంతులో నొక్కి పెట్టిన మాట బయటికి వచ్చేసింది.

"నేను దుకాణానికి వెళ్ళిన రోజుల్లోనే వస్తుంది అత్తయ్యా. నేను ఇంట్లో ఉన్న సెలవు రోజు ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకు రాలేదు?"

అత్తగారు మెల్లగా తలెత్తింది.

"మీరు నేను లేనప్పుడు దానికి పాలు పడుతున్నారు. నా పాలు మంచివి కావని రుజువు చేయడానికి పడుతున్నారు."

భర్త, "చాల్లే ఇక," అన్నాడు. ఎవరిని అన్నాడో అతనికే తెలియదు.

అత్తగారు లేచి పాపను కోడలి చేతుల్లో పెట్టింది. పెట్టేటప్పుడు పాప మెడ కింద చెయ్యి జాగ్రత్తగా ఆనించి మరీ పెట్టింది. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించలేదు. గడియ వేసి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి.

*

మర్నాడు దుకాణంలో ఒక ముసలాయన కళ్ళు చూపించుకోవడానికి వచ్చాడు. పాత ఖాతాదారు, మహా మాటకారి. కోడలు ఆయన ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, గాజు బిళ్ళలు మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడుగుతోంది. రోజూ చేసే పనే. కళ్ళు మూసుకుని చేయగలదు. ఆవేళ కళ్ళు మూసుకుని చేసినట్టే చేసింది. మనసంతా ఆ గడియ పడని తలుపు దగ్గరే ఉంది.

"ఇప్పుడెలా ఉంది బాబాయ్?"

"దివ్యంగా ఉంది. కానీ నువ్వు ఒకేసారి రెండు కళ్ళకీ మార్చేశావు తల్లీ. ఏ కంటివల్ల దివ్యంగా ఉందో నేనెలా చెప్పేది? నువ్వే కదా ఎప్పుడూ ఒకటే మార్చాలి అని నామీద కేకలేసేదానివి?"

కోడలు నవ్వబోయి ఆగిపోయింది. చేతిలో బిళ్ళ అలాగే ఉంది.

ఒకసారికి ఒకటే మార్చాలి. అది ఈ పనిలో మొదటి పాఠం. కొత్తగా చేరిన వాళ్ళకి తానే నేర్పుతుంది.

తాను ఇంట్లో ఉన్న రోజు పాపకు ఏమీ కాదు. నిజమే. కానీ తన సెలవు రోజే కార్ఖానాకు కూడా సెలవు. ఆ రోజు చెక్కను చిత్రిక పట్టే చప్పుడు ఉండదు. మావగారు కింద ఉండడు, పైన పడక్కుర్చీలో ఉంటాడు. ఉతికిన చొక్కా వేసుకుని ఉంటాడు. తాను ఇన్నాళ్ళూ ఒక కన్నే మార్చాననుకుంది. రెండూ మారాయి.

మరి కార్ఖానాకు, పాప పెదవికి ఏం సంబంధం?

తెలియదు. కానీ కుడి చెంప ఒక్కటే ఎందుకు? కడుపులోకి వెళ్ళింది ఒక చెంపను చూసుకుని లేవదు కదా. ఆ చెంపకు ఏదో తగులుతోంది. నిన్న తన కళ్ళ ముందే ఉంది అది. చూసింది, చూడలేదు.

ముసలాయన్ని పక్క బల్ల దగ్గరి అమ్మాయికి అప్పగించి, తనకు ఒంట్లో బాగాలేదని యజమానితో చెప్పి బయటపడింది. యజమాని ఆమె మొహం చూసి అది అబద్ధం అనుకోలేదు.

ముందు వీధిలోంచి వెళితే అందరికీ తెలుస్తుందని వెనక సందులోంచి వెళ్ళింది. ఆ సందులోకి కార్ఖానా పెరటి తలుపు తెరుచుకుంటుంది. మలుపు తిరగబోతూ గోడకు నక్కింది.

పాలవాడు సైకిల్ స్టాండు తీస్తున్నాడు. పెరటి తలుపు గట్టు మీద పాలక్యాను ఉంది. నిండుగా ఉన్నట్టుంది, మూత అంచున తెల్లటి తడి. పాలవాడు తలుపు తట్టలేదు, పిలవలేదు. పెట్టాడు, వెళ్ళిపోయాడు. రోజూ చేసే పనిలా చేశాడు.

తలుపు తెరుచుకుంది. ఒక చెయ్యి వచ్చి క్యానును లోపలికి తీసుకుంది. తలుపు మూసుకుంది.

మేడ మీదికి పాలు రావడం మానేశాయి. కానీ ఈ ఇంటికి రావడం మానలేదు. ఇన్నాళ్ళూ తనొక్కతే నోరు కట్టుకుని, పాప పెదవులు తుడుచుకుంటూ కూర్చుంది. మిగతా అందరూ కలిసి తనను వెర్రిదాన్ని చేశారు. అత్తగారు ఒక్కతే కాదు. మావగారు కూడా.

ఆమె తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళింది.

*

మావగారిని ఊరంతా మేస్త్రి అంటారు. చెక్కపని కొడుక్కి వదిలేసి ఇప్పుడు రంగులు మాత్రం చూసుకుంటాడు. ఆయన రంగులు కలిపే గది పెరటి వైపు ఉంది. ఆ గదిలోకి ఎవరూ వెళ్ళకూడదని ఇంట్లో రివాజు. కొడుక్కి కూడా పెళ్ళయ్యాకే ఆ రంగు కలిపే కిటుకు చెప్పాడట. 'వంటిల్లు ఆవిడది, ఇది నాది, ఇద్దరం ఒకరి గిన్నెలు ఒకరం ముట్టుకోం' అని నవ్వుతాడు. కోడలు ఎప్పుడూ ఆ గడప దాటలేదు.

ఇప్పుడు దాటింది.

గదిలో కిటికీ మూసి ఉంది. గోడల వారగా చిన్న పిల్లల కుర్చీలు, నడకబండ్లు, ఊగే గుర్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ తడి రంగుల్లో ఉన్నాయి, అన్నీ గుమ్మం వైపే చూస్తున్నాయి. గాలిలో పుల్లటి వాసన. ఎక్కడో పీల్చిన వాసన. పాప మెడ దగ్గర.

మేస్త్రి క్యానులోని పాలు వెడల్పాటి గంగాళంలో వంచాడు. ఒక సీసాలోంచి వెనిగర్ పోశాడు. పాలు కళ్ళ ముందే విరిగాయి. గంగాళం పక్కన పొద్దుటి పాలు విరిచి వడగట్టిన, ఇంకా నీళ్ళోడుతున్న తెల్లటి ముద్ద, సున్నం గిన్నె, ఎర్ర రంగుపొడి ఉన్నాయి. ఆయన ఆ ముద్దను బండ మీద వేసి, చిటికెడు సున్నం కలిపి, మీదికి వంగి నూరడం మొదలుపెట్టాడు. వెనక ఎవరో ఉన్నారని తెలిసి తిరిగాడు. మోచేతుల దాకా తెలుపు.

"ఇదేంటి తల్లీ, దుకాణం అప్పుడే మూసేశారా?"

"ఈ పాలు ఎవరికి మావయ్యా?"

మేస్త్రి గంగాళం వైపు చూశాడు. ఏ పాలు అన్నట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. "పాలు కాదమ్మా, ఇది రంగు."

తయారుచేసే విధమంతా ఆయన సంతోషంగా చెప్పుకొచ్చాడు. డబ్బా రంగుల్లో ఏ విషం ఉంటుందో ఎవరికి తెలుసు? పిల్లలన్నాక బొమ్మలు నోట్లో పెట్టుకుంటారు, కుర్చీ చేతులు కొరుకుతారు. అందుకే ఆయన గురువు పిల్లల సామాను వరకు పాలరంగే వేసేవాడు. ఆయనా అంతే. ఊరందరి పిల్లలూ తన రంగు నాకి పెరిగారని, ఒక్కరికీ కడుపునొప్పి కూడా రాలేదని చెప్పాడు. పిచ్చుక కూడా కింద ఉన్నంతసేపూ ఊగే గుర్రం చెవి చప్పరిస్తుందట. దాని కోసమని ఆ చెవికి ఇంకో పూత వేశాడట.

ఆయన చెబుతున్నంతసేపూ కోడలు ఆయన ఎడమ భుజం మీది తుండుగుడ్డను చూస్తోంది.

"పాప కిందికి వస్తుందా?"

"రాకుండా ఎలా? మీ అత్తయ్య వంటపనిలో ఉంటే నా దగ్గరే కదా. ఈ భుజం ఎక్కిందంటే ఇక దిగదు. ఇక్కడే నిద్రపోతుంది."

కోడలు చెయ్యి చాచి తుండుగుడ్డ తీసుకుంది. ఆయన రోజంతా చేతులు తుడుచుకునే గుడ్డ. రంగు ఎండి అట్టలా బిరుసెక్కింది. ఒక చోట మాత్రం పాప చొంగతో నాని మెత్తగా ఉంది. అరచేతంత మేర. ఒక చెంపంత మేర. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మావయ్యా, ఇది పాలే."

"ఎండిపోయాక పాలెలా అవుతాయమ్మా?"

"దానికి ఎండినా పాలే. కాచినా పాలే. విరిగినా పాలే. చెవికి పూసినా పాలే." ఆమె గొంతు పెరగలేదు. పెంచడానికి బలం లేదు. "దాని ఒంటికి అదంతా తెలుస్తుంది. మనకే తెలియలేదు."

మేస్త్రి తన భుజం వైపు తల తిప్పి చూసుకున్నాడు, అక్కడ ఇంకా ఎవరో ఉన్నట్టు. ఆయన మొహంలో ఏదో మెల్లగా ఒక మెట్టు దిగింది. ఆ మెట్టు కింద, పెద్దది ఉన్న రోజుల దాకా, ఇంకో మెట్టు ఉన్నట్టుంది. ఆయన దాన్ని చూడదలుచుకోలేదు.

"నిన్న అత్తయ్యని అనరాని మాట అన్నాను," అంది కోడలు. "ఇప్పుడే వెళ్ళి..."

"రాత్రంతా ఆవిడ పడుకోలేదు." మేస్త్రి ఆ తుండుగుడ్డనే చూస్తూ అన్నాడు. "పొద్దున్నే నీ మొగుడితో ఏదో గుసగుసలాడింది. వాడు ఇందాకే, నువ్వు రావడానికి ముందే, పొద్దుటి క్యానులోంచి ఓ గ్లాసుడు ముంచుకెళ్ళాడు. టీకి కాబోలు అనుకున్నాను."

కోడలు ఆయన మొహంలోకి చూసింది.

భర్త టీ తాగడు.

*

మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకు తెలియదు.

ముందుగదిలో అంతా ప్రశాంతంగా ఉంది. అత్తగారు చాప మీద కూర్చుని ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఎవరో పెద్దమనుషులు వస్తారన్నట్టు ఉంది. పాప ఎదురుగా బొంత మీద కూర్చుని చెక్క చెంచాతో నేలను కొడుతోంది. భర్త గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి అతని చేతిలో గ్లాసు లేదు. గ్లాసు చాప మీద ఉంది. అందులో పాలు సగానికి పైగా ఉన్నాయి.

"రా అమ్మాయ్," అంది అత్తగారు. "దొంగతనంగా పట్టానన్నావు కదా. దొరలా పట్టాను. నా కొడుకు ఎదురుగానే పట్టాను. కాచి చల్లార్చి, చెంచాతో. చూసుకో దాని మొహం."

కోడలు చూసింది. పెదవి మామూలుగా ఉంది. రెండు చెంపలూ నున్నగా ఉన్నాయి. పాప అమ్మను చూసి నవ్వింది. చెంచా పైకెత్తి చూపించింది.

"ఎంతసేపయింది?"

"ఇప్పుడే," అన్నాడు భర్త. కోడలి మొహం చూసి గోడ నుంచి విడివడ్డాడు. "ఏం కాలేదు కదా. చూస్తున్నావుగా. అమ్మ రాత్రంతా ఏడ్చింది. ఒక్క చెంచా పట్టి తేల్చేస్తే ఈ గొడవ వదులుతుందని..."

ఇంట్లో మీరు మీరుగా ఎప్పుడూ పట్టి చూడకండి, మళ్ళీ చూడాల్సి వస్తే నా దగ్గరే, మందులు పక్కన పెట్టుకుని చూద్దాం. డాక్టరమ్మ ఆ మాట ఇతని ఎదురుగానే చెప్పింది. అప్పుడు కూడా ఇతను తల ఊపాడు.

కోడలు మోకాళ్ళ మీద కూలబడి పాపను ఎత్తుకుంది. చొక్కా పైకి లాగి పొట్ట చూసింది. పొట్ట మీద ఏమీ లేదు. వీపు చూసింది. వీపు మీద, వెన్ను పొడవునా, ఒక్కొక్కటే లేస్తున్నాయి.

నలుగురూ చూస్తున్నారు. వెనకాల మెట్లెక్కి వచ్చిన మేస్త్రి కూడా గుమ్మంలో ఆగి చూస్తున్నాడు. దద్దుర్లు నడుం దాటి భుజాల మీదికి వచ్చాయి. పాప చెంచా వదిలేసింది. ఒక్కసారి కక్కింది, తెల్లగా. తర్వాత దగ్గింది.

పెద్ద దగ్గేమీ కాదు. పొడిగా, చిన్నగా, గొంతులో దారం అడ్డుపడినట్టు.

అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

పాప మళ్ళీ దగ్గింది. ఊపిరి తీసుకుంటే లోపల సన్నగా ఈల మోగింది.

"ఇదే," అంది అత్తగారు. ఆవిడ గొంతు ఆవిడది కాదు, ఏదో బావిలోంచి వచ్చినట్టుంది. "ఇదే దగ్గు. పెద్దదీ పాలు తాగాకే దగ్గేది. గొంతు ఆరిందనుకుని ఇంకో గుక్క పట్టేదాన్ని."

ఆ మాట పూర్తిగా అర్థమయ్యేదాకా ఆవిడ ఆగలేదు. కాలు తగిలి గ్లాసు బోర్లా పడింది. పాపను కోడలి చేతుల్లోంచి దాదాపు లాక్కుంది. చెప్పులు లేవు, చీర కుచ్చిళ్ళు జారుతున్నాయి. ఇన్నేళ్ళూ పక్కకు ఒరిగి తప్పించుకున్న ఆ ఖాళీ నేల మీదుగా, కొక్కేల కిందుగా, నేరుగా గుమ్మం వైపు పరుగెత్తింది.

"బండి తీయరా. ఆసుపత్రికి."

మేస్త్రి గుమ్మంలో అడ్డుగా ఉన్నాడు. ఎదురుగా వస్తున్న మనవరాలిని చూసి చేతులు చాచాడు. చాచిన చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. అవి చూసుకుని, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. గోడకు అతుక్కుపోయి దారి ఇచ్చాడు. రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

సామాను తీసుకెళ్ళే వ్యానులో వెనక ఇంకా అమ్మకానికి వెళ్ళాల్సిన కుర్చీలు ఉన్నాయి. భర్త వాటిని వీధిలోకి విసిరేశాడు. ఎప్పుడూ అంత వేగంగా కదలని మనిషి. కోడలు పాపను అందుకుని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టింది. భుజాన వేసుకోవద్దని, ఎగరేయొద్దని, పడుకోబెట్టే తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పిన ఒక్కొక్క మాటా ఇప్పుడు పిలవకుండానే గుర్తొస్తోంది. ఆసుపత్రికి ఫోను చేస్తే నర్సు ఎత్తింది. పాలు తాగింది, వాంతి అయింది, ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరిలో ఈల. చెప్పడం ముగియకముందే నర్సు, "ఇంజెక్షన్ సిద్ధంగా పెడతాం, మెలకువలో ఉందో లేదో చూస్తూ ఉండండి, ఎక్కడా ఆగొద్దు," అంది.

వ్యాను మలుపు తిరిగింది. కుర్చీలు లేని ఖాళీలో ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో పాప. పాప పెదవులు రెండూ వాచి ఉన్నాయి. కళ్ళు సన్నటి గీతల్లా అయ్యాయి. ఆ గీతల్లోంచి అమ్మను చూస్తోంది.

అత్తగారు పాప పాదాలు పట్టుకుని ఉంది.

"అమ్మాయ్."

కోడలు పాప ఛాతీ మీద నుంచి చూపు తిప్పలేదు.

"నువ్వు డాక్టరమ్మ మాటలన్నీ విన్నదానివి. నీకు తెలుస్తుంది. నాకు నిజం చెప్పు." ఆవిడ పాదాలు వదలలేదు. "పెద్దదానికి నా పాలు మంచివేనా?"

జవాబు కోడలి నోటిదాకా వచ్చింది. అది ఒకే ఒక్క మాట. ఆ మాట చెబితే ఈవిడ నెత్తి మీద ఇన్నేళ్ళుగా ఉన్న బరువు దిగుతుంది. అదే క్షణంలో ఇంకో బరువు వచ్చి కూర్చుంటుంది, సీసా పట్టిన చేతుల మీద. నిన్న ఇదే మనిషిని నోటికొచ్చిన మాట అన్నది తాను. ఇవాళ ఈ ఒక్క మాట అనడానికి నోరు రావడం లేదు.

ఆమె పాప మొహం మీదికి ఇంకా వంగింది. ఈలను వింటోంది. ఒక ఈలకూ ఇంకో ఈలకూ మధ్య ఎడం పెరుగుతోంది. వ్యాను గుంతలో పడి లేచింది. ముందు సీట్లోంచి భర్త వచ్చేశాం, వచ్చేశాం అంటున్నాడు.

"చెప్పవేం అమ్మాయ్?"

"మాట్లాడకండి అత్తయ్యా," అంది కోడలు. "నాకు వినిపించడం లేదు."

అత్తగారు కూడా వంగింది. ఇద్దరి తలలూ పాప మీదుగా ఒకదానికొకటి తగిలాయి. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

ఈల ఆగిపోయింది. పిచ్చుక కళ్ళు మాత్రం ఇంకా వాళ్ళనే చూస్తున్నాయి.